సర్కారు దవాఖానలో నొప్పుల సూది అడిగితే వెయ్యాలా, వద్దా?

పాలమూరు_పిల్ల: మా అమ్మకు 60 ఏళ్లు. ఊహ తెలిసినప్పటి నుంచి వరి నాట్లే. నడుము, మోకాళ్లు పట్టేసి ఓపీకి పోతే నాలుగు గోలీలిచ్చి పంపారు. సూది వెయ్యమంటే కసిరారు. ఊళ్లో ఆర్‌ఎంపీ వేస్తే తెల్లారి నాట్లకు పోయింది. ఇద్దరిలో ఎవరు నయం?

మందుల_శీను: డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు సూదిలో పోయినా, మాత్రలో పోయినా కలిసేది రక్తంలోనే. సూదైతే కడుపులో పుండు పడదనుకోవడం పొరపాటు. కిడ్నీకి ముప్పు రెండింటితోనూ ఉంది, బీపీ, షుగర్ ఉంటే మరీను. 20 ఏళ్లుగా మందుల కౌంటర్‌లో ఉన్నాను. నడుము, మెడ, మోకాళ్ల చీటీలు రాని రోజు లేదు. అందరికీ సూదులే వేస్తామా?

టైంపాస్_రాజు: ముందు ఒళ్లు తగ్గితే మోకాళ్లు అవే తగ్గుతాయి.

పాలమూరు_పిల్ల: మా అమ్మ 42 కిలోలు రాజూ.

సిక్కోలు_బాబు: కిడ్నీ అనగానే నొప్పి మాత్రల మీదకు తోసేస్తారు. మా శ్రీకాకుళం ఉద్దానంలో చాలామందికి వచ్చే కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు.

మందుల_శీను: నేను ఉద్దానం పేరెత్తానా?

పాలమూరు_పిల్ల: సూదితో కిడ్నీ పోయేటట్టుంటే గోలీలు ఎందుకిచ్చారు శీనన్నా?

మందుల_శీను: పారాసెటమాల్ అయ్యుంటుంది, అది వేరు. చీటీ చూశారా?

పాలమూరు_పిల్ల: గీతలే ఉన్నాయి.

నల్గొండ_పెద్దాయన: మా మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లకు ఎముకలు బిగుసుకుపోయి, నడుము వంచలేని వాళ్లను చూస్తూ పెరిగాను. దానికి సూదేం చేస్తుంది, గోలీ ఏం చేస్తుంది? ఏ నీళ్లు తాగావు, ఏం పని చేస్తావని అడగాలి కదా.

మందుల_శీను: వరసలో 200 మంది ఉంటారండీ. మనిషికి రెండు నిమిషాలు కూడా రావు. మీరొచ్చి అడగండి.

పాలమూరు_పిల్ల: ఆ రెండు నిమిషాల్లోనే "వయసు నొప్పులు, మామూలే" అన్నారు. మోకాలి మీద చెయ్యి కూడా వెయ్యలేదు. ఆర్‌ఎంపీ కూర్చోబెట్టి, కాలు పట్టి చూసి, ఎప్పటి నుంచి అని అడిగాడు. బయటికొచ్చి అమ్మ ఏడ్చింది. సూది లేదని కాదు.

మందుల_శీను: ఇది మొదటే రాయాల్సింది. జిల్లా ఆసుపత్రిలో ఫిజియోథెరపీకి చూపించండి.

పాలమూరు_పిల్ల: పోతే ఆ రోజు కూలి పోతుంది. ఎన్నిసార్లు పోవాలి?

మందుల_శీను: ...సరే. కుర్చీలో కూర్చుని కాలు ముందుకు చాపి, తొడ బిగించి పది లెక్కపెట్టమనండి. పూటకు పదిసార్లు. నొప్పి పెరిగితే ఆపేయాలి.

పాలమూరు_పిల్ల: ఇంట్లో కుర్చీ లేదు. మంచం మీద కూర్చుంటే పర్లేదా?

మందుల_శీను: పర్లేదు.