క్రాస్‌వాక్ రన్‌టైమ్‌ను సోర్స్ నుంచి బిల్డ్ చేస్తుంటే లింకింగ్ దగ్గర ఆగిపోతోంది

ప్రశ్న: గట్టుమీద కోడరు, పాలకొల్లు

అందరికీ నమస్కారం. రొయ్యల రైతుల కోసం లెక్కల పుస్తకంలాంటి మొబైల్ యాప్ ఒకటి తయారుచేస్తున్నాను. ఏ చెరువుకు ఎన్ని కిలోల మేత వేశారు, చెక్ ట్రేలో ఎంత మిగిలింది, తెల్లవారుజామున డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) ఎంత ఉంది, పట్టుబడి నాటికి కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు) ఎంత వచ్చింది అన్నవి అందులో నమోదు చేసుకోవచ్చు. మొత్తం వెబ్ పేజీలుగానే రాసి, కార్డోవా అనే సాధనంతో ఆండ్రాయిడ్ యాప్‌గా చుట్టాను. కొత్త ఫోన్లలో చక్కగా నడుస్తోంది. కానీ రాత్రిళ్లు చెరువుల దగ్గర కాపలా ఉండేవారి చేతుల్లో ఉన్నవి ఆండ్రాయిడ్ 6 నాటి పాత ఫోన్లు. వాటిలో యాప్ తెరిస్తే తెల్లటి తెర తప్ప ఏమీ రావడం లేదు.

ఫోన్‌లో ఉండే వెబ్‌వ్యూను (యాప్ లోపల వెబ్ పేజీలు చూపించే భాగాన్ని) నమ్ముకోకుండా, యాప్‌తోపాటే ఒక వెబ్ ఇంజిన్‌ను పంపిస్తే ఏ ఫోన్‌లోనైనా ఒకేలా నడుస్తుందని చదివి, ఇంటెల్ సంస్థ ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసిన క్రాస్‌వాక్‌ను ఎంచుకున్నాను. కొన్ని మార్పులు చేసుకోవాలన్న ఉద్దేశంతో చివరి సంచిక అయిన 23ను సోర్స్ నుంచే బిల్డ్ చేయడానికి పూనుకున్నాను. పాత కోడ్ కావడం వల్ల పైథాన్ 2 కావలసి వచ్చింది. డాకర్ అనే సాధనంలో పాత లినక్స్ అయిన ఉబుంటు 14.04 పెట్టుకుని ఆ గండం దాటాను. తర్వాత రెండు చోట్ల చిక్కుకున్నాను. మొదటిది, సోర్స్‌ను దింపే జీక్లయంట్ సింక్ నడుస్తుండగా నెట్ తెగిపోతే, క్రాస్‌వాక్‌కు ఆధారమైన క్రోమియం (క్రోమ్ బ్రౌజర్ వెనుక ఉన్న ఓపెన్ సోర్స్ కోడ్) మూల భాండారం మళ్లీ మొదటి నుంచి దిగుతోంది. నాలుగో ప్రయత్నంలో, అర్ధరాత్రి వేళ పూర్తయింది. రెండోది, కంపైలింగ్ దాదాపు అయిపోయాక లింకింగ్ (ముక్కలన్నిటినీ కలిపే) దశలో "కిల్డ్" అన్న ఒక్క మాట చూపించి ఆగిపోతోంది. నా కంప్యూటర్‌లో 16 జీబీ ర్యామ్ ఉంది, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్కు స్థలం) పెట్టలేదు. ఎలా ముందుకు వెళ్లాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: వైనతేయ, రాజోలు

కోడరు గారూ, మీరు దిగిన చెరువులో నేనూ ఒకప్పుడు దిగి, బురద కడుక్కుని గట్టెక్కినవాణ్నే. అడిగిన రెండింటికీ వరుసగా చెబుతాను.

"కిల్డ్" అన్నది కంపైలర్ చెప్పిన తప్పు కాదు. ర్యామ్ నిండిపోయినప్పుడు లినక్స్ కెర్నెల్ ఎక్కువ మెమరీ తింటున్న ప్రక్రియను తానే చంపేస్తుంది, లింకింగ్‌లో ఆ వేటు సాధారణంగా లింకర్ మీదే పడుతుంది. వేలాది ఆబ్జెక్ట్ ఫైళ్లను ఒకే పెద్ద లైబ్రరీగా కుట్టేటప్పుడు డీబగ్ చిహ్నాలు (తప్పులు వెతకడానికి చేర్చే సమాచారం) కూడా తోడైతే 16 జీబీ ఏ మూలకూ చాలదు. కాబట్టి రిలీజ్ బిల్డ్ పెట్టుకుని, బిల్డ్ అమరికలలో చిహ్నాలను పూర్తిగా తీసేయండి. ఎస్ఎస్‌డీ మీద 32 జీబీ స్వాప్ ఫైలు తయారుచేయండి. బిల్డ్ నడిపే నింజా అనే సాధనానికి ఒకేసారి ఎన్ని పనులు నడపాలో చెప్పే జే అంకెను రెండుకో మూడుకో తగ్గించి, ఆ చివరి దశను మాత్రం మళ్లీ నడపండి. ఇప్పటిదాకా కంపైల్ అయినదంతా వృథా పోయిందని బెంగపడనక్కర్లేదు. తయారైన ఫైళ్లను నింజా అలాగే ఉంచి, మిగిలిన వాటి నుంచే కొనసాగిస్తుంది. మధ్యాహ్నం కరెంటు పోయి ఇన్వర్టర్ కూడా చేతులెత్తేసిన రోజుల్లో ఈ ఒక్క గుణమే నన్ను కాపాడింది.

డౌన్‌లోడ్ సంగతికి వస్తే, మధ్యలో తెగిన గిట్ క్లోన్ ఆగిన చోటు నుంచి తిరిగి మొదలవదు. అందుకే క్రోమియంలాంటి భాండారాన్ని పాత చరిత్ర లేకుండా, అంటే నో హిస్టరీ అన్న ఐచ్ఛికంతో, తాజా స్థితిని మాత్రమే దింపుకోవడం మంచిది. ఇంకా తేలికైన దారి, గంటల లెక్కన అద్దెకిచ్చే క్లౌడ్ యంత్రంలో బిల్డ్ చేసి, చివరికి తయారైన ఏపీకే ఫైలును మాత్రం ఇంటికి తెచ్చుకోవడం. మరొక జాగ్రత్త: క్రోమియం బిల్డ్ సాధనాల మూట అయిన డెపో టూల్స్ నడిపిన ప్రతిసారీ తనను తాను కొత్త సంచికకు మార్చుకుంటుంది, ఆ కొత్తదానికి 2016 నాటి కోడ్ అర్థం కాదు. ఆ స్వయం నవీకరణను ఆపేసి, కోడ్ నాటి తేదీకి దగ్గరగా ఉన్న డెపో టూల్స్ సంచికనే వాడండి.

జవాబు: లాకుల దగ్గర, ధవళేశ్వరం

వైనతేయ గారు చెప్పినవన్నీ సరైనవే, ఆ ప్రకారం చేస్తే బిల్డ్ పూర్తవుతుంది కూడా. అయితే పూర్తయ్యాక మీ తెల్లటి తెర పోతుందా అన్నది నా సందేహం.

క్రాస్‌వాక్ 23 లోపల ఉన్నది క్రోమియం 53, అంటే 2016 నాటి ఇంజిన్. ఆ ప్రాజెక్టును 2017 ఆరంభంలోనే ముగించారు. ఆ తర్వాత బయటపడిన భద్రతా లోపాలలో ఒక్కదానికీ అందులో మరమ్మతు లేదు. ఇక ఆండ్రాయిడ్ 5 నుంచి వెబ్‌వ్యూ ఫోన్ వ్యవస్థలో కరిగిపోయి ఉండదు, ప్లే స్టోర్ ద్వారా విడిగా నవీకరించుకునే యాప్‌గా ఉంటుంది. ఆండ్రాయిడ్ 6 ఫోన్లకు అది 106వ సంచిక దాకా వచ్చింది. ఆ సంచిక 2022 నాటిది. అంటే కాపలావాళ్ల ఫోన్లలో నవీకరణ నడిచి ఉంటే అక్కడే మీ క్రాస్‌వాక్ కన్నా ఆరేళ్లు కొత్తదైన ఇంజిన్ ఉంటుంది. నవీకరణ నడవలేదనే నా అనుమానం. స్టోరేజీ నిండిపోతుందనో డేటా అయిపోతుందనో మన వైపు చాలామంది దాన్ని ఆపేసి ఉంచుతారు, అలాంటప్పుడు ఫోన్ కొన్ననాటి వెబ్‌వ్యూతోనే యాప్ బతకవలసి వస్తుంది.

తెల్లటి తెరకు కారణం ఊహించనవసరం లేదు. ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు తగిలించి, ఫోన్ లాగ్‌ను చూపించే ఏడీబీ లాగ్‌క్యాట్ నడుపుతూ యాప్ తెరవండి. జావాస్క్రిప్ట్‌లోని తప్పులు క్రోమియం పేరుతో ఆ లాగ్‌లోనే పడతాయి. అలాగే ఫోన్ సెట్టింగులలో వెబ్‌వ్యూ సంచిక సంఖ్య చూడండి. ఈ రెండూ ఇక్కడ రాస్తే తర్వాతి మాట చెప్పుకోవచ్చు. అప్పటిదాకా స్వాప్ ఫైలు కోసం డిస్కు ఖాళీ చేయకండి.

గట్టుమీద కోడరు

ఈ ఉదయం చించినాడ వైపు ఉన్న ఒక చెరువు దగ్గరకు లాప్‌టాప్ తీసుకెళ్లి, ఏరేటర్ల షెడ్డులో కూర్చుని చూశాను. వెబ్‌వ్యూ సంచిక 44. లాగ్‌లో ఎర్రగా ఉన్నది ఒకే ఒక్క వాక్యం: అనుకోని గుర్తు చుక్క, ఫలానా వరుసలో. ఆ వరుసలో నేను రాసినది, చెరువు వివరాలు ఉంటేనే లోపలి విలువను తీసుకోమని చెప్పే ప్రశ్నార్థకం చుక్క (?.) గుర్తు. పదమూడు వందల వరుసల ఫైలు ఆ ఒక్క చుక్క దగ్గరే ఆగిపోతుందా?

జవాబు: లాకుల దగ్గర, ధవళేశ్వరం

ఆగిపోతుంది. వ్యాకరణమే అర్థం కాకపోతే ఇంజిన్ ఆ ఫైలులో ఒక్క వరుసను కూడా నడపదు, కాబట్టి పేజీని గీసే కోడ్‌కు వంతు రాదు. ఆ గుర్తును క్రోమ్ 80వ సంచికలో, 2020లో చేర్చారు. ఇప్పుడు లెక్క చూడండి: 44లో లేదు, మీరు వారం రోజులుగా బిల్డ్ చేస్తున్న 53లోనూ లేదు. సింక్ అవాంతరాలూ లింకర్ మరణాలూ అన్నీ దాటి క్రాస్‌వాక్‌తో యాప్ పంపినా అదే తెల్లటి తెర వచ్చేది. అసింక్ ప్రమేయాలు 55లో, గ్రిడ్ అమరిక 57లో వచ్చాయి, అవీ మీ కోడ్‌లో ఉండే ఉంటాయి.

మార్చవలసినది మీ వెబ్ కోడ్ బిల్డ్‌నే. జావాస్క్రిప్ట్‌ను మార్చే బేబెల్ అనే సాధనానికి బ్రౌజర్స్‌లిస్ట్ (ఏ బ్రౌజర్లలో నడవాలో చెప్పే జాబితా) ద్వారా కనీస లక్ష్యం క్రోమ్ 44 అని చెప్పండి. కొత్త గుర్తులన్నిటినీ అది పాత రూపంలోకి దించుతుంది. భాషలో కొత్తగా వచ్చిన ప్రమేయాలకు మాత్రం కోర్ జేఎస్‌లాంటి పూరకాలు విడిగా చేర్చాలి. సీఎస్ఎస్‌ను బేబెల్ ముట్టుకోదు. గ్రిడ్ వాడిన చోట ఫ్లెక్స్‌బాక్స్‌కు మారి, అందులోనూ గ్యాప్ లక్షణం వాడకుండా మార్జిన్లు ఇవ్వండి. ఫ్లెక్స్‌బాక్స్‌కు గ్యాప్ 84వ సంచికలో గాని రాలేదు.

జవాబు: గౌతమి ఒడ్డు, యానాం

సొంత ఇంజిన్ బిల్డ్ చేయాలన్న కోరిక కోడరు గారికి మిగిలే ఉంటుంది కనుక ఒక మాట. నేటి క్రోమియం సోర్స్ నుంచి సిస్టమ్ వెబ్‌వ్యూ ఏపీకేను ఎవరైనా బిల్డ్ చేయవచ్చు. 64 బిట్ లినక్స్ యంత్రం, 100 జీబీకి పైగా ఖాళీ డిస్కు కావాలి. కానీ దాన్ని రైతు ఫోన్‌లో పాతదాని స్థానంలో పెట్టలేరు. తయారీదారు ముందుగా జాబితాలో చేర్చి, డిజిటల్ సంతకం సరిపోయిన వెబ్‌వ్యూనే ఆండ్రాయిడ్ అంగీకరిస్తుంది. మీరు బిల్డ్ చేసినది ప్లే స్టోర్ లేని ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లో నడిచే నమూనా ఫోన్) ఇమేజ్‌లలో మాత్రం నడుస్తుంది.

యాప్‌లోనే ఇంజిన్ ఉండాలంటే ఇవాళ ఆ చోటులో ఉన్నది మొజిల్లా వారి గెక్కోవ్యూ (ఫైర్‌ఫాక్స్ ఇంజిన్). దాన్ని సోర్స్ నుంచి కట్టనవసరం లేదు, తయారైన లైబ్రరీని ఆండ్రాయిడ్ బిల్డ్ సాధనమైన గ్రేడిల్‌లో ఒక వరుసతో తెచ్చుకోవచ్చు. కట్టాలనుకుంటే ఆర్టిఫ్యాక్ట్ బిల్డ్ అన్న పద్ధతి ఉంది: సీ ప్లస్ ప్లస్ భాగమంతా తయారుగా దిగుతుంది, జావా, కోట్లిన్ పైపొరను మాత్రమే మీ యంత్రం కంపైల్ చేస్తుంది. 16 జీబీకి అది బరువు కాదు. అయితే యాప్ పరిమాణం పదుల ఎంబీలు పెరుగుతుంది, కార్డోవా చుట్టూ కట్టినదాన్ని కొంత తిరగరాయాలి, మీ పాత ఫోన్లకు సరిపోయే గెక్కోవ్యూ సంచికేదో ముందే చూసుకోవాలి. స్టోరేజీ లేక నవీకరణలు ఆపేసిన ఫోన్లకు అంత బరువు ఎక్కించడం నాకైతే సబబుగా తోచదు. ఇంకొకటి, ఏ ఇంజిన్ పంపినా తెలుగు ఫాంటు ఫోన్‌లోనిదే వాడుకుంటుంది. పాత ఫోన్లలో ఒత్తులు ఎలా పడుతున్నాయో ఒకసారి చూడండి. బాగోలేకపోతే నోటో సాన్స్ తెలుగును యాప్‌లో వెబ్ ఫాంటుగా పెట్టుకోండి.

గట్టుమీద కోడరు

లాకుల దగ్గర గారు చెప్పినట్టు లక్ష్యాన్ని 44కు దించి మళ్లీ బిల్డ్ చేశాను. నలభై సెకన్లు పట్టింది. అదే ఫోన్‌లో యాప్ తెరుచుకుంది. మేత పేజీలో బొత్తాలు ఒకదానికొకటి అతుక్కుని కనిపించాయి, మార్జిన్లు ఇచ్చాక విడిపోయాయి. ఒత్తులు బాగానే పడుతున్నాయి కాబట్టి ఫాంటు జోలికి పోలేదు. క్రాస్‌వాక్ ఫోల్డర్‌ను తీసేశాను. గెక్కోవ్యూ ఆర్టిఫ్యాక్ట్ బిల్డ్‌ను ఈ పంట పట్టుబడి అయ్యాక తీరిగ్గా ప్రయత్నించి, ఎక్కడైనా చిక్కుకుంటే వేరే ప్రశ్నగా అడుగుతాను.