హీరో ఫోటో చూపిస్తే చాలా? మగవాళ్ల క్రాపు మార్చింది హీరోలా, మిషన్లా?

పెన్నాగట్టు:
నెల్లూరులో చూసినా ఒంగోలులో చూసినా, సెలూన్లో కూర్చోగానే కుర్రోళ్లు ఫోన్లో హీరో ఫోటో తీసి 'ఇదే కొట్టన్నా' అంటారు. క్రాపు ఎప్పుడూ హీరోల వెంటే నడిచిందని నా వాదన. 1970లలో శోభన్‌బాబు నుదుటి మీద రింగు, అమితాబ్ చెవులు కప్పిన జుట్టు, 2003లో 'తేరే నామ్' సల్మాన్ నడిమి పాపిడి. వీటిలో ఒక్కటైనా సెలూన్లో పుట్టిందా?

కావలి కత్తెర:
సగమే ఒప్పుకుంటా. కుర్రోడిని కుర్చీ దాకా తెచ్చేది హీరోనే. కానీ ఆ స్టైలు తల మీద కుదరాలంటే పనిముట్టు ఉండాలి, జుట్టు సహకరించాలి. రింగుకైనా నడిమి పాపిడికైనా కత్తెర, దువ్వెన చాలు. అందుకే చెట్టు కింద కుర్చీ వేసుకున్నవాళ్లూ చేయగలిగారు. ఫేడ్, అంటే పక్కల కింద చర్మం దాకా తీసి పైకి పోయేకొద్దీ జుట్టు కొంచెం కొంచెంగా పెంచే కటింగ్, అట్లా కాదు. చార్జింగ్ ట్రిమ్మర్లు, జుట్టు ఎంత పొడవు మిగలాలో తేల్చే, మిషన్‌కు తగిలించే ప్లాస్టిక్ గార్డులు చవకయ్యాకే అది ఊరూరా పాకింది.

దాని పని చూడండి. కణతల ఎత్తులో తల చుట్టూ ఒక గీత పెట్టుకుని, కింద గార్డు లేకుండా తీయాలి. దాని పైన ఒకటిన్నర సెంటీమీటరు పట్టీకి 1 నంబరు గార్డు, అంటే 3 మిల్లీమీటర్లు. ఆ పైన 2 నంబరు, 6 మిల్లీమీటర్లు. రెండు పట్టీల మధ్య గీతను చెరపడమే అసలు పని. మిషన్ పక్కన బ్లేడును సర్దే లివరు సగం తెరిచి, ప్రతి పోటు చివర మణికట్టు తిప్పుతూ మిషన్‌ను తల నుంచి బయటికి లాగాలి. తలకు ఆనించి నేరుగా పైకి తోస్తే కొత్త గీత పడుతుంది. దాన్ని సరిచేయబోయి ఇంకా పైకి పోతారు, చివరికి మిగిలేది డిప్ప కటింగే. అప్పుడు హీరోని తిట్టుకుని ఏం లాభం?

ఒంగోలు గిత్త:
ఎండను మర్చిపోయారబ్బా. 2005లో విశాఖలో పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టినప్పుడు ఆ జులపాలంటే అందరికీ మోజే. కానీ జుట్టు పెరిగేది నెలకు సెంటీమీటరు పైచిలుకు. 20 సెంటీమీటర్లు కావాలంటే ఏడాదిన్నర. మధ్యలో చెవుల మీద పడి, ముడికి అందక, వెనక్కి నిలవక చంపుతుంది. మే నెల చెమటకు చాలామంది అక్కడే కత్తిరించేసుకుంటారు. దానిపైన బోరు ఉప్పునీళ్లతో తలంటితే జుట్టు పీచులా బిరుసెక్కుతుంది.

పెన్నాగట్టు:
సరే, మరి అదే 2005లో సూర్య 'గజిని'లో తలంతా పొట్టిగా తీసిన క్రాపు? ఎండకూ సరిపోయింది, మిషన్ ఉంటే పది నిమిషాల్లో అయ్యే కటింగ్. అయినా ఆ సినిమా రాకముందు ఎవరూ అడగలేదే. హీరో బలం కాదా అది?

కావలి కత్తెర:
అడిగించిన బలం హీరోదే, కాదనను. కానీ అది అంత తేలిగ్గా పాకడానికి కారణం, దాదాపు ఏ తలకైనా నప్పడం. మిగతా వాటికి సుడి అడ్డమొస్తుంది. నడినెత్తిన రెండు సుడులున్న తలకు వెనక ఒకటి, రెండు సెంటీమీటర్లు ఉంచితే వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. అయితే 4 సెంటీమీటర్లు వదలాలి, బరువుకు పడుకుంటుంది. లేదంటే 6 మిల్లీమీటర్లకు దించేయాలి. హీరో ఫోటోలో సుడి కనపడదు. ముందు నుంచి తీసిన ఫోటో అది, పైగా డ్రయ్యర్ కొట్టి, వ్యాక్సు రాసి తీసినది. పక్కనుంచి, వెనకనుంచి తీసినవి కూడా చూపించమని అడగాలి.

కందుకూరు కుర్రోడు:
అన్నా, రింగుల జుట్టుకు ఫేడ్ పడుతుందా?

కావలి కత్తెర:
బాగా పడుతుంది తమ్ముడూ. పక్కల ఫేడ్ తీసి, పైన మాత్రం పొడి జుట్టు మీదే కత్తిరించమను. తడి మీద కత్తిరిస్తే ఆరాక రింగు ముడుచుకుని అనుకున్నదానికంటే పొట్టిదవుతుంది. ఫేడ్ రూపు నిలిచేది రెండు మూడు వారాలే, మళ్లీ కూర్చునే ఓపిక ఉంటేనే కొట్టించుకో.