బలం చేతులు మారినప్పుడు ఒకచోట యుద్ధం, మరోచోట శాంతి ఎందుకు?

అందరికీ నమస్కారం. తిరుపతిలో గ్రూప్-1 మెయిన్స్‌కి చదువుతున్నాను. ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాను, తెలిసినవాళ్లు సాయం చేయండి.

19వ శతాబ్దం చివర్లో బ్రిటన్ ఆధిపత్యానికి అమెరికా, జర్మనీ రెండూ పోటీగా ఎదిగాయి. 1895లో వెనిజులాకూ, బ్రిటన్ వలస అయిన గయానాకూ మధ్య వచ్చిన సరిహద్దు గొడవలో అమెరికా పట్టుబడితే బ్రిటన్ చివరికి మధ్యవర్తిత్వానికి ఒప్పుకుంది. 1901లో మధ్య అమెరికా కాలువను (తర్వాతి పనామా కాలువ) అమెరికా ఒక్కటే కట్టుకోవడానికి ఒప్పుకుని అక్కడా తగ్గింది. కానీ జర్మనీ 1898 నుంచి నౌకాదళం పెంచుతుంటే మాత్రం తగ్గలేదు. 1906లో బ్రిటన్ డ్రెడ్‌నాట్ అనే అప్పటికి అత్యంత శక్తిమంతమైన యుద్ధనౌకను దించింది, 1914లో ఇద్దరి మధ్య యుద్ధమే వచ్చింది.

వ్యాపారం ఉంటే శాంతి ఉంటుందని నోట్సులో రాసుంది. బ్రిటన్, జర్మనీల మధ్య వ్యాపారం బాగానే నడిచేది కదా! ఆ సమాధానం నాకు సరిపోవట్లేదు. మరి అసలు కారణం దూరమా, పాలనా పద్ధతా, ఇంటి ముందే శత్రు నౌకలున్నాయన్న భయమా?

భారత్, చైనాల పరిస్థితి బ్రిటన్-అమెరికా, బ్రిటన్-జర్మనీ కథల్లో దేనికి దగ్గర? 2020 గల్వాన్ ఘర్షణ తర్వాత కూడా వ్యాపారం ఆగలేదు, ఇద్దరి దగ్గరా అణ్వాయుధాలున్నాయి. మార్కుల కోసమే అడగట్లేదండీ. మా జిల్లాలోని శ్రీసిటీ పారిశ్రామిక ప్రాంతంలో జపాన్ కంపెనీలు చాలా ఉన్నాయి, ఆసియాలో టెన్షన్ పెరిగితే ఆ ఉద్యోగాలు ఏమవుతాయో అని నిజంగానే ఆలోచిస్తున్నాను. దీని మీద తెలుగులో మంచి పుస్తకం ఉంటే చెప్పగలరా?