కారులో ఇన్వర్టర్ బీప్ కొట్టి ఆగిపోతోంది, 1000 వాట్లది కొంటే సరిపోతుందా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నా పని సగం కారులోనే నడుస్తుంది. సర్వే వివరాలు ల్యాప్‌టాప్‌లో ఎక్కించి, అక్కడికక్కడే ప్రింట్ తీసి సంతకం పెట్టించుకోవాలి. అందుకని కారు 12 వోల్టులను ఇంటి కరెంటులా 230 వోల్టులుగా మార్చే ఇన్వర్టర్, 300 వాట్లని రాసి ఉన్నది ఒకటి కొని లైటర్ సాకెట్‌లో పెట్టాను. ల్యాప్‌టాప్ ఛార్జర్ 90 వాట్లు, కెమెరా బ్యాటరీల ఛార్జర్ ఇంకో 20 ఉండొచ్చు. ఇంజన్ నడుస్తుంటే రెండూ బాగానే ఛార్జ్ అవుతాయి. ఇంజన్ ఆపితే కాసేపటికే పీ పీ మంటూ మొదలుపెట్టి ఆగిపోతుంది. కారు మాత్రం ఆ వెంటనే తాళం తిప్పినా టక్కున స్టార్ట్ అవుతుంది, కాబట్టి బ్యాటరీ దిగిపోయిందని అనుకోలేను. నిన్న చిన్న లేజర్ ప్రింటర్ తగిలిస్తే ఏకంగా సాకెట్టే చచ్చిపోయింది. ఇప్పుడు ఫోన్ ఛార్జర్ కూడా పనిచేయడం లేదు. ఇన్వర్టర్ చాల్లేదని, 1000 వాట్లది తీసుకోమని ఒకరన్నారు. తీసుకోమంటారా?

జవాబు:
ఇప్పుడే వద్దండీ. ఇక్కడ చాలనిది ఇన్వర్టర్ కాదు, దానికి కరెంటు వచ్చే దారి.

లైటర్ సాకెట్‌కు చాలా కార్లలో 10 లేదా 15 ఆంపియర్ల ఫ్యూజ్ ఉంటుంది, కొన్నిట్లో 20. 12 వోల్టుల దగ్గర 15 ఆంపియర్లంటే 180 వాట్లు. ఇన్వర్టర్ దానిలో కొంత వేడిగా పోగొట్టుకుంటుంది కాబట్టి అవతల మీకు దక్కేది 150 చిల్లర. డబ్బా మీద 300 అని ఉన్నా, 1000 అని ఉన్నా ఆ సాకెట్ నుంచి వచ్చేది అంతే. పైగా కొన్ని డబ్బాల మీద పెద్దక్షరాల్లో వేసేది క్షణకాలం తట్టుకునే పీక్ వాట్లు. నిలకడగా ఇచ్చేది ఎంతో చిన్నక్షరాల్లో వెతుక్కోవాలి.

చచ్చిపోయిందన్నది సాకెట్ కాదు, ఫ్యూజ్ అయి ఉంటుంది. లేజర్ ప్రింటర్‌లో కాగితం మీద పొడిని కరిగించి అంటించే భాగం వేడెక్కేటప్పుడు కొన్ని సెకన్ల పాటు 600, 800 వాట్లు లాగడం మామూలే. 600 వాట్లంటే 12 వోల్టుల వైపు 55 ఆంపియర్ల పైమాటే. ఫ్యూజ్ బాక్స్ మూత తీసి, సాకెట్ ఫ్యూజ్ మార్చండి, అదే రేటింగ్‌ది. మళ్ళీ పోకూడదని 30 ఆంపియర్లది పెట్టకండి. అప్పుడు ఫ్యూజ్‌కు బదులు డాష్‌బోర్డు వెనక వైరు కాలుతుంది, అది కనిపించదు కూడా.

బీప్ సంగతి తేలాలంటే ఒక కొలత కావాలి. మల్టీమీటర్ ఉందా? ఫ్యూజ్ వేశాక ఇంజన్ ఆపి, ల్యాప్‌టాప్ ఛార్జ్ అవుతుండగా బ్యాటరీ టెర్మినళ్ళ దగ్గర ఎంత వోల్టేజ్ ఉందో, ఇన్వర్టర్ వెనక స్క్రూల దగ్గర ఎంత ఉందో రెండూ చూసి చెప్పండి. అలాగే కాసేపు నడిచాక సాకెట్‌లోంచి ప్లగ్ తీసి చేత్తో పట్టుకుని చూడండి.

అడిగినవారు:
థాంక్సండీ. ఫ్యూజ్ నిజంగానే పోయింది, పాతది 15 ఆంపియర్లదే, కొత్తది వేశాను. బ్యాటరీ దగ్గర 12.3, ఇన్వర్టర్ దగ్గర 11.0. ప్లగ్ కాలిపోతోంది, కొస మీద ఉన్న మేకు లాంటి పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగులోకి తిరిగింది. ఇది ముందెప్పుడూ గమనించలేదు.

జవాబు:
దొరికిందండీ. మధ్యలో 1.3 వోల్టులు మాయమవుతున్నాయి. దాదాపు 10 ఆంపియర్లు పారుతున్నప్పుడు 1.3 వోల్టుల నష్టమంటే 13 వాట్లు వైరులోనూ ప్లగ్‌లోనూ వేడిగా పోతున్నట్టు. అందులో ఎక్కువ భాగం ఆ పిన్ను దగ్గరే. స్ప్రింగ్ బలంతో ఆనుకుని ఉండే కాంటాక్ట్ అది, అసలు సిగరెట్ వెలిగించడానికి కొద్ది సెకన్లు వాడే ఏర్పాటు. గంటలకొద్దీ కరెంటు మోయమంటే వదులవుతుంది, వదులైతే ఇంకా వేడెక్కుతుంది. రంగు మారిన ప్లగ్‌ను ఇక వాడకండి.

ఇన్వర్టర్‌కు బ్యాటరీ కనిపించదు, తన స్క్రూల దగ్గరున్న వోల్టేజే కనిపిస్తుంది. చాలావాటిలో 11 ప్రాంతంలో బీప్, 10.5 ప్రాంతంలో ఆగిపోవడం ఉంటాయి. ఇంజన్ నడుస్తుంటే దాంతోపాటు తిరిగి బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ 14 దాకా ఇస్తుంది కాబట్టి ఆ 1.3 పోయినా ఇంకా మిగులుతుంది, మీకు తేడా తెలియదు.

ఇంకొకరు:
నాదొక మాట. అసలు ల్యాప్‌టాప్‌కు 230 వోల్టులు ఎందుకు? 12ని 230కి ఎక్కించి, ఛార్జర్‌తో మళ్ళీ 20కి దించుతున్నారు. రెండు చోట్లా నష్టమే. టైప్-సీ ద్వారా ఛార్జ్ అయ్యే ల్యాప్‌టాప్ అయితే 65 లేదా 100 వాట్ల పీడీ (పవర్ డెలివరీ, అంటే టైప్-సీ ద్వారా ఎక్కువ వాట్లు ఇచ్చే పద్ధతి) కార్ ఛార్జర్ చాలు. టైప్-సీ లేకపోతే 12 నుంచి 19, 20 వోల్టులకు ఎక్కించే కార్ అడాప్టర్లు ఉంటాయి, పిన్నూ వోల్టేజూ మీ ల్యాప్‌టాప్‌కు సరిపోవాలి. చాలా కెమెరా ఛార్జర్లకు యూఎస్‌బీ రకాలు కూడా దొరుకుతాయి. ప్రింటర్ సంగతికొస్తే, లేజర్‌ను మర్చిపోండి. లోపలే బ్యాటరీ ఉండే చిన్న ఇంక్‌జెట్‌లు ఉన్నాయి, మామూలు ఇంక్‌జెట్ అయినా ప్రింట్ తీసేటప్పుడు 10 నుంచి 30 వాట్లే.

జవాబు:
నేనూ అదే చెప్పబోతున్నాను. నా ఓటు కూడా దీనికే. ఒక్కటి, 100 వాట్ల పీడీ ఛార్జర్ పూర్తిగా లాగితే సాకెట్ మీద 9 ఆంపియర్ల దాకా పడుతుంది. 10 ఆంపియర్ల ఫ్యూజ్ ఉన్న కారులో అది అంచు మీద నడుస్తున్నట్టే. మీది 15 కాబట్టి ఫరవాలేదు, కాకపోతే ముందు ఆ సాకెట్ లోపల కూడా కాలిన మచ్చ ఉందేమో చూసి, ఉంటే మార్పించండి.

అడిగినవారు:
ల్యాప్‌టాప్‌కు టైప్-సీ ఉంది, పీడీ ఛార్జర్ తీసుకుంటాను. కానీ ఆఫీసు ఇచ్చిన స్కానర్ ఒకటి 230 మీదే నడుస్తుంది, అడాప్టర్ లోపలే బిగించి ఉంది. అంటే ఇన్వర్టర్ పూర్తిగా తీసేయలేను. ఇంజన్ ఆపి ఎంతసేపు నడుపుకోవచ్చు?

జవాబు:
స్కానర్ ఒక్కదానికే అయితే మీ 300 వాట్లదే చాలు, కానీ నేరుగా బ్యాటరీకి కలపాలి. 300 వాట్లకు 28, 30 ఆంపియర్లు లెక్కేసుకోండి. మూడు మీటర్ల దూరమైతే రాకపోకలు కలిపి ఆరు మీటర్ల రాగి. 2.5 స్క్వేర్ ఎంఎం వైరు వేస్తే అందులోనే వోల్టు పైన పోతుంది, మళ్ళీ మొదటికొస్తారు. 6 స్క్వేర్ ఎంఎం వేస్తే అర వోల్టు, 10 అయితే 0.3. నేనైతే 10 వేస్తాను. 40 ఆంపియర్ల ఫ్యూజ్‌ను పాజిటివ్ వైరులో బ్యాటరీకి జానెడు దూరం లోపే పెట్టాలి. ఫ్యూజ్ కాపాడేది ఇన్వర్టర్‌ను కాదు, వైరును. బాడీ రేకుకు ఒరుసుకుని తోలు పోయిందంటే బ్యాటరీ శక్తంతా అక్కడే దిగుతుంది. ఇంజన్‌కూ లోపలి క్యాబిన్‌కూ మధ్య ఉండే రేకు గోడ, అంటే ఫైర్‌వాల్, రంధ్రంలోంచి దూర్చే చోట వైరు ఒరుసుకోకుండా రబ్బరు గ్రామెట్ (రింగు) తప్పనిసరి. ఇన్వర్టర్‌ను మాత్రం ఇంజన్ పక్కన పెట్టకండి, వేడి, నీళ్ళు రెండూ పడవు. సీటు కింద పెట్టినా ఫ్యాన్‌కు గాలి ఆడాలి, మీద గుడ్డలూ బ్యాగులూ ఉండకూడదు.

టైమ్ గురించి. కారు బ్యాటరీ స్టార్టింగ్ కోసం చేసింది, లోతుగా దించి మళ్ళీ నింపడానికి కాదు. 45 ఆంపియర్-అవర్ల బ్యాటరీ మీద మీరు మొదట చెప్పిన 110 వాట్లు లాగితే గంటకు 10 ఆంపియర్-అవర్ల దాకా పోతాయి. గంటన్నరకు మూడో వంతు ఖాళీ. నేను అక్కడితో ఆపేస్తాను. ఏ లోడూ లేకుండా కాసేపు ఆగాక చూస్తే నిండు బ్యాటరీ 12.6 పైన చూపిస్తుంది, 12.2 అంటే సగం. ఇన్వర్టర్ 10.5 దగ్గర ఆపుతుందిలే అని ధైర్యంగా ఉండకండి, అప్పటికి స్టార్టర్ తిరగడానికి ఏమీ మిగలదు. పని అయిపోతే స్విచ్ ఆపేయండి, ఏమీ తగిలించకపోయినా అది కొద్దిగా లాగుతూనే ఉంటుంది. షెడ్డు తలుపులు మూసి ఇంజన్ నడుపుతూ ఛార్జ్ చేసే ఆలోచన మాత్రం పెట్టుకోకండి, ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, వాసన కూడా రాదు.

వేరొకరు:
అన్నా, మాది లారీ. ఇదే ఇన్వర్టర్ వాడొచ్చా?

జవాబు:
లారీల్లో ఎక్కువగా 24 వోల్టులుంటాయి తమ్ముడూ, 12 వోల్టులది తగిలిస్తే పాడవుతుంది. రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచే 12 తీసుకుందామనుకుంటారు కొందరు, అది కూడా వద్దు. ఒకటి దిగిపోతూ, రెండోది అతిగా ఛార్జ్ అవుతూ రెండూ పోతాయి. 24 వోల్టుల ఇన్వర్టరే తీసుకో.

మరొకరు:
మా నాన్నగారికి రాత్రిపూట ఊపిరి యంత్రం, అదే సీప్యాప్, పెట్టాలి. ప్రయాణంలో మామూలు ఇన్వర్టర్ మీద నడుస్తుందా?

జవాబు:
ముందు ఆ యంత్రానికి కంపెనీ ఇచ్చే 12 వోల్టుల కార్ వైరు ఉందేమో చూడండి, చాలా మోడళ్ళకు ఉంటుంది. లేకపోతే ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్, అంటే ఇంటి కరెంటులాగే నున్నటి అలగా ఇచ్చేది. చౌక రకం మోడిఫైడ్ సైన్ వేవ్, అంటే మెట్లు మెట్లుగా ఉండే అల, ఇస్తుంది. ల్యాప్‌టాప్ ఛార్జర్లు సాధారణంగా దాంతో సర్దుకుంటాయి, మోటార్లు గుయ్యిమంటూ వేడెక్కుతాయి. ఆవిరి పట్టే హ్యూమిడిఫైయర్‌ను డాక్టర్‌ను అడిగి ఆపగలిగితే లోడ్ బాగా తగ్గుతుంది. రాత్రంతా నడవాలి కాబట్టి కారు బ్యాటరీ మీద కాకుండా విడి బ్యాటరీ మీద పెట్టండి.

అడిగినవారు:
ఇప్పుడే బానెట్ ఎత్తి చూశాను. నెగటివ్ టెర్మినల్ మీద చిన్న నల్ల డబ్బా, దానికో సన్నటి కనెక్టర్ ఉన్నాయి. ఇన్వర్టర్ నెగటివ్ వైరు అక్కడే బిగించాలా?

జవాబు:
బిగించకండి. అది బ్యాటరీ సెన్సర్. ఎంత కరెంటు లోపలికి పోతోందో, ఎంత బయటికి వస్తోందో లెక్కపెట్టి ఆల్టర్నేటర్‌ను నడిపించేది దాని సమాచారమే. నేరుగా టెర్మినల్‌కు కలిపితే మీరు లాగే కరెంటు దాని లెక్కలోకి రాదు, బ్యాటరీ సరిగా నిండదు. ఆ డబ్బా నుంచి వెళ్ళే లావు వైరు బాడీకి బోల్టుతో బిగించి ఉంటుంది చూడండి, మీ నెగటివ్ వైరు కొసన ఉండే లగ్గు (బోల్టు పట్టే రింగు) అక్కడ పడాలి. పాజిటివ్, నెగటివ్ తారుమారు కాకుండా చూసుకుని, మిగతా కనెక్షన్లన్నీ అయ్యాకే ఫ్యూజ్‌ను దాని చోట పెట్టండి. బండి స్టార్ట్ చేసేటప్పుడు ఇన్వర్టర్ ఆఫ్‌లో ఉండాలి.