ఓర్లాండో పార్కులు, పోర్ట్ కెనావెరల్ క్రూజ్ కలిపితే ఖర్చు ఎక్కడ తగ్గుతుంది?

ప్రశ్న: డాలస్ నుంచి నలుగురం, పిల్లలకి 9, 2 ఏళ్లు. నాలుగు రోజులు డిస్నీ వరల్డ్, పోర్ట్ కెనావెరల్ రేవు నుంచి నాలుగు రాత్రుల క్రూజ్. ఏది ముందు పెట్టుకోవాలి? కారు మొత్తం ట్రిప్‌కి తీసుకోవాలా?

జవాబు 1: మొత్తానికి వద్దండీ. షిప్పులో ఉన్నన్నాళ్లు అద్దె, పోర్టు పార్కింగ్ రెండూ దండగ. ఎయిర్‌పోర్టులో తీసుకుని పోర్టు దగ్గరి బ్రాంచిలో వదిలేయండి, తిరిగొచ్చాక మళ్లీ వన్-వే. టెర్మినల్‌కి షటిల్ ఉందా, ఆదివారం ఆ బ్రాంచి ఎప్పుడు తెరుస్తారు అన్నవి ముందే చూసుకోండి. కార్ సీటు ఇంటి నుంచే తెచ్చుకోండి. విమానంలో చెక్-ఇన్ ఉచితం, అద్దెకైతే రోజువారీ బాదుడు.

జవాబు 2: పార్కులే ముందు. ఫ్లయిట్ ఆలస్యమైతే పార్కులో ఒక పూట పోతుంది, షిప్పు మాత్రం ఆగదు. టికెట్ ధర తేదీని బట్టి మారుతుంది, రోజులు పెరిగేకొద్దీ రోజుకి పడేది తగ్గుతుంది. మూడు నిండని చిన్నవాళ్లకి టికెట్ అక్కర్లేదు. పసిపిల్లతో పార్క్ హాపర్ (ఒకే రోజు ఒకటికి మించి పార్కులు తిరిగే టికెట్) శుద్ధ వృథా.

డిస్నీ బయటి హోటల్ చవకనిపిస్తే రిసార్ట్ ఫీజు (గది అద్దెపై హోటల్ అదనంగా వేసేది), రోజూ పార్కు పార్కింగ్ కలిపి చూడండి. డిస్నీ హోటల్లో దిగినవాళ్లకి పార్కుల్లో పార్కింగ్ ఉచితం.

జవాబు 3: పులిహోర డబ్బా పార్కులోకి రానిస్తారు, గాజు సీసాలు కుదరవు. క్విక్ సర్వీస్ (కౌంటర్ దగ్గరే కొనుక్కునే) తిండి కౌంటర్లలో ఐస్ వాటర్ ఊరికే ఇస్తారు. షిప్పులోకి మాత్రం ఇంటి వంట సాధారణంగా రానివ్వరు, ముందే ఖాళీ చేసేయండి. చాలా క్రూజ్ కంపెనీల్లో టిప్పులు తలకింత, రోజుకింత, పిల్లలకి కూడా. బడ్జెట్‌లో జనం మర్చిపోయేది అదే.