సిటీ సీవీటీ నుంచి వర్టస్ జీటీకి: టెస్ట్ డ్రైవ్‌లో ఏం చూడాలి?

ప్రశ్న: ఇప్పుడున్నది ఐదో తరం హోండా సిటీ పెట్రోల్ సీవీటీ (మెట్లు మెట్లుగా గేర్లు మారని ఆటోమేటిక్). ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ 1.5 డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) చూస్తున్నాను. తేడా ఎలా పోల్చాలి?

జవాబు: ముందు రెండు కార్లలోనూ టైర్ గాలి కంపెనీ చెప్పినంతే ఉందో చూడండి. షోరూమ్ కారులో గాలి ఎక్కువుంటే సస్పెన్షన్ గట్టిదనిపిస్తుంది. తర్వాత అదే రోడ్డు మీద వెంటనే మీ కారూ నడపండి. గంటకు 40 నుంచి 80కి తొక్కి చూడండి. సిటీ టార్క్ (ఇంజిన్ లాగే బలం) 145 ఎన్ఎం, అదీ ఇంజిన్ వేగం 4300 ఆర్‌పీఎం దగ్గర. వర్టస్‌ది 1600 నుంచే 250. ఓవర్‌టేక్‌లో తెలిసిపోతుంది!

జవాబు: అసలు పరీక్ష ట్రాఫిక్‌లోనండీ. వర్టస్‌లోది డ్రై క్లచ్ (ఆయిల్‌లో మునగని క్లచ్) డీఎస్‌జీ. బ్రేక్ మెల్లగా వదులుతూ పాకించండి, 1-2 గేర్ల మధ్య వణుకు వస్తే ఆ బండి వద్దు. ఈ విషయంలో సీవీటీయే హాయి.

జవాబు: నలుగురిని ఎక్కించుకుని స్పీడ్ బ్రేకర్ దాటించండి. వెనక సీట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి కుదుపు ఎలా ఉందో అడగండి.