ఒకరు చలివేంద్రం పెడితే చూసి ఇంకొకరు పెడతారా? మీ దగ్గర జరిగిందేమన్న ఉంటే చెప్పండి

కరీంనగర్ పోరడు:
మా గల్లీ మూలమీద టైలరన్న ఒకాయన ఎండలు ముదరంగనే షాపు ముందట రెండు రంజన్లు పెట్టి నీళ్లు పోస్తడు, ఎవ్వరు అడగలే, ఫ్లెక్సీ లేదు ఏం లేదు. కొన్నిరోజులకి కిరాణా షాపాయన గ్లాసులు కొనిచ్చిండు, ఎదురింటమ్మ పొద్దుగాల్నే రంజన్లు కడుగుతుంది, ఇప్పుడు బస్టాప్ కాడ కూడ ఎవరో కొత్తగ పెట్టిర్రు. సూస్తే మస్తు మంచిగనిపించింది. నా డౌట్ ఏందంటే ఒకర్ని చూసి ఇంకొకరికి నిజంగ మంచి బుద్ధి పుడతదా, లేకపోతే వాళ్లు ఎట్లైనా చేసేటోళ్లేనా? మా దోస్తులం కలిసి ఏదన్న మొదలుపెడదామని ఉంది.

స్టాట్స్ సారు:
ఈ డౌట్ మీద పరిశోధన ఉందండీ. ఫౌలర్, క్రిస్టాకిస్ అని ఇద్దరు 2010లో ఒక పేపర్ వేశారు. ముక్కూమొహం తెలియనివాళ్లని నలుగురేసి కూర్చోబెట్టి ఉమ్మడి ఖాతాలో ఎంత వేస్తారో చూసే డబ్బుల ఆట అది, ప్రతి రౌండుకీ మనుషుల్ని మార్చేస్తారు, ఒకసారి కలిసినవాళ్లు మళ్లీ కలవరు. అయినా ఒకరు ఎక్కువ వేస్తే అది చూసినవాళ్లు తర్వాత వేరేవాళ్లతో ఆడేటప్పుడు కూడా ఎక్కువ వేశారు, అలా మూడో మనిషి దాకా వెళ్లింది. అంటే మంచోళ్లంతా ఒకచోట చేరడం వల్ల కాదు, చూడటం వల్లే. పిసినారితనం కూడా అలాగే పాకింది, అది మర్చిపోకండి.

అమీర్‌పేట అక్క:
2014లో ఐస్ బకెట్ ఛాలెంజ్ ఊపులో ఉన్నప్పుడు మన హైదరాబాద్ జర్నలిస్ట్ మంజులత కళానిధి గారు రైస్ బకెట్ ఛాలెంజ్ మొదలుపెట్టారు గుర్తుందా, బకెట్ బియ్యం అవసరమున్నవాళ్లకి ఇచ్చి ఫొటో పెట్టి ఫ్రెండ్స్‌ని కూడా ఇవ్వమనడం అంతే. వేరే దేశాల దాకా వెళ్లింది. నాకైతే అది అంత పాకడానికి కారణం బియ్యం, బకెట్ రెండూ అందరి ఇంట్లో ఉండటమే అనిపిస్తుంది. పెద్ద ట్రస్టు పెట్టమంటే ఎవరు కదులుతారు? తమ్ముడూ మీరూ పక్కవాళ్లు రేపే చేయగలిగేంత చిన్నది పెట్టండి.

గౌతమీ తీరం:
మాది కోనసీమండి. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841-1909) ఏ వేళప్పుడు ఎవరొచ్చినా అన్నం పెట్టేవారు, ఇప్పుడు ఆంధ్రాలో బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టారు. మా వైపు ఇంటికొచ్చినోళ్లని భోంచేసి వెళ్లమనడం ఇప్పటికీ మానలేదండి, అలాంటి పెద్దోళ్లని చూసే వచ్చిందని నా నమ్మకం. ఇక చలివేంద్రం సంగతంటారా, కుండ కింద తడి ఇసక వెయ్యండి, నీళ్లల్లో కాసిని వట్టివేళ్లు వెయ్యండి, పొడుగు కాడ గరిటె పెడితే చేతులు ముంచరు. అన్నిటికన్నా ముఖ్యం మధ్యాన్నం కుండ ఖాళీగా ఉండకూడదు, ఎండలో ఆశగా వచ్చినోళ్లు ఉత్తినే వెళ్తే మళ్లీ అటు చూడరండి.

కరీంనగర్ పోరడు:
థాంక్యూ అందరికీ. రంజన్లు టైలరన్నవి ఎట్లాగు ఉన్నయ్, మధ్యాహ్నం నింపుడు మేం వంతులేసుకుంటం, ఆదివారం షాపు బందుంటది కాబట్టి ఆ రోజు మొత్తం మాదే. గౌతమీ గారూ వట్టివేళ్లు ఎన్ని రోజులకోసారి మార్చాలె?

గౌతమీ తీరం:
వాసన తగ్గాక తీసి ఎండబెట్టి మళ్లీ వాడుకోవచ్చండి, నల్లబడితే మాత్రం పారెయ్యండి.